ఎవరి పుస్తకానికైనా ఒకటే స్కేలు

మా హాస్టల్ రూములో గొడవ ఒక ఓడ దగ్గర మొదలైంది.

థర్డ్ సెమ్ మిడ్స్ ముందు రాత్రి. నా రూమ్మేట్ విజయనగరం సైడు వాడు, వాళ్ళింట్లో అందరూ చర్చికి వెళ్తారు. పడుకునే ముందు బైబిల్ చదువుకోవడం వాడికి అలవాటు. ఆ రోజు నోవహు ఓడ కథ చదువుతున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "అన్ని జంతువులు ఒక్క ఓడలో ఎలా పట్టాయిరా? స్టోరేజ్ కెపాసిటీ ఎంత?" అన్నాను. పెద్ద జోకు వేశాననుకుని నేనే నవ్వాను కూడా.

వాడు పుస్తకం మూశాడు. "మీ అరసవల్లి గుడి ఇంద్రుడు కట్టాడంటారు కదా. దానికి ప్రూఫ్ చూపించు," అన్నాడు.

"అది వేరు," అన్నాను.

"ఎలా వేరు?"

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు గొంతు పెరుగుతుంది. ఆ రాత్రి ఇద్దరం అనకూడని మాటలు అనుకున్నాం. ఒకే గదిలో, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని పది రోజులు మాట్లాడుకోకుండా ఉన్నాం.

ఆ "ఎలా వేరు?" అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగు అక్కడక్కడా తడబడుతుంది, సర్దుకోండి.

మా ఇద్దరిదీ కాని పుస్తకం

పదకొండో రోజు వాడే మాట కలిపాడు. వాళ్ళ బాబాయి విశాఖలో ఉంటాడు. తెల్లచొక్కా, టై, జేబు మీద పేరు బ్యాడ్జీ ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు ఆయనకి ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళారట. మోర్మన్ గ్రంథం. "ఇది చూడరా, అమెరికాలో బంగారు రేకులు దొరికాయట!" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. సంధి కుదిరిపోయింది. మూడో మనిషిని చూసి నవ్వితే ఇద్దరు ఎంత తొందరగా కలిసిపోతారో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నేను కాస్త సీరియస్‌గా చదివాను. క్లుప్తంగా చెబుతాను.

అమెరికాలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు, ఒక దేవదూత చూపించిన బంగారు రేకుల మీది రాతను దైవశక్తితో అనువదించానని చెప్పి 1830లో ఆ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. క్రీస్తుకు 600 ఏళ్ళ ముందు యెరూషలేము నుంచి ఓడలో అమెరికా చేరిన కుటుంబాల చరిత్ర అది. రేకులు ఏవీ అంటే, దేవదూత వెనక్కి తీసుకున్నాడు. వాటిని చూశామని పదకొండు మంది ఇచ్చిన వాంగ్మూలాలు మాత్రం పుస్తకం ముందు ఉంటాయి. అంటే పరీక్షించడానికి వస్తువు లేదు, సాక్షుల మాట ఉంది.

కానీ పుస్తకం లోపలి విషయాలను పరీక్షించవచ్చు. అందులో గుర్రాలున్నాయి, గోధుమలున్నాయి, ఉక్కు ఉంది. ఆ కాలపు అమెరికాలో ఇవి ఉన్నట్టు పురావస్తు శాస్త్రజ్ఞులకు ఆధారాలు దొరకలేదు. అక్కడి ఆదివాసుల పూర్వీకులు ప్రధానంగా ఆసియా నుంచి వచ్చారని డిఎన్‌ఏ పరిశోధనలు చెప్పాయి. ఆ గ్రంథం ముందుమాటలో ఒకప్పుడు ఆ వలస వచ్చినవాళ్ళు అమెరికా ఆదివాసులకు "ముఖ్య పూర్వీకులు" అని ఉండేది. 2006 తర్వాతి ముద్రణల్లో అది "పూర్వీకుల్లో వాళ్ళూ ఉన్నారు" అనే అర్థం వచ్చేలా మారింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది స్మిత్ ఇచ్చిన ఇంకో పుస్తకం. 1835లో ఈజిప్టు మమ్మీలతో పాటు కొన్ని పపైరస్ చుట్టలు ఆయన దగ్గరికి వచ్చాయి. అవి అబ్రాహాము రాసినవని చెప్పి ఆయన ఇచ్చిన అనువాదం 1842లో అచ్చయింది. ఈజిప్టు చిత్రలిపి గుట్టును ఫ్రాన్సులో షాంపోలియన్ 1822లోనే విప్పాడు. కానీ ఆ అమెరికా పల్లెల్లో దాన్ని చదవగలిగే వాళ్ళు లేరు. కాబట్టి అనువాదం సరైనదో కాదో తేల్చేవాళ్ళూ లేరు. ఆ చుట్టలు 1871 నాటి షికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయనే అందరూ అనుకున్నారు. వాటిలో కొన్ని ముక్కలు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి, 1967లో మోర్మన్ సంఘం చేతికి వచ్చాయి. ఈజిప్టు లిపి తెలిసిన పండితులు చదివారు. చనిపోయినవాళ్ళతో సమాధిలో పెట్టే మంత్రాలవి, అబ్రాహాము పేరే లేదు. ఆ ముక్కల మీది అక్షరాలు అనువాదంతో సరిపోలడం లేదని సంఘమే 2014లో ఒక వ్యాసంలో ఒప్పుకుంది. అయినా వాళ్ళ విశ్వాసం పోలేదు. అసలు చుట్టలో చాలా భాగం పోయి ఉండవచ్చని కొందరు, ఆ చుట్టలను చూస్తుండగా దైవప్రేరణ కలిగిందే తప్ప అది మామూలు అర్థంలో అనువాదం కాదని కొందరు అంటారు.

ఇది చదువుతుంటే నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ సమాధానాలు నాకు కొత్తవి కావు. "ఇంకా దొరకలేదు అంతే", "పూర్వం వాళ్ళ మాటకి అర్థం వేరు", "అది పైకి కనిపించే నిజం కాదు, లోపలి నిజం". ఇవన్నీ మా ఇంట్లో విన్నవే. నేను కూడా అన్నవే. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఆ గింజ నేనే.

సరే, అదే స్కేలు తెచ్చి మన గుళ్ళ మీద పెడదాం అనుకున్నాను.

అరసవల్లి: లెక్కకి దొరికేది, దొరకనిది

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా మామ్మ అరసవల్లి సూర్యనారాయణ స్వామి భక్తురాలు. కళ్ళకీ చర్మానికీ వచ్చే జబ్బులు స్వామి నయం చేస్తాడని మా వైపు నమ్మకం. ఆ గుడి గురించి చిన్నప్పటి నుంచి నేను మూడు మాటలు విన్నాను. ఒకటి, గుడిని ఇంద్రుడు కట్టాడు. రెండు, ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబర్‌లోనూ పొద్దుటి కిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. మూడు, స్వామిని నమ్ముకుంటే చూపు వస్తుంది. మూడింటినీ ఒకే మూటగా కట్టి నమ్మాను. మూట విప్పితే మూడూ మూడు రకాలు.

రెండోదాన్ని లెక్క వేయవచ్చు. పైథాన్‌లో ఇరవై లైన్లు చాలు. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే చోట ఉదయించడు. ఎండాకాలంలో ఉత్తరానికి, చలికాలంలో దక్షిణానికి జరుగుతాడు. డిసెంబర్ 21 ప్రాంతంలో దక్షిణపు కొస చేరి వెనక్కి తిరుగుతాడు. అంటే దారిలో ఉన్న ఏ చోటునైనా పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటాలి. అక్టోబర్ 2 నుంచి డిసెంబర్ 21కి 80 రోజులు. డిసెంబర్ 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. సరిగ్గా అద్దంలో బొమ్మలా ఉన్నాయి! ఆ రెండు రోజుల్లోనూ సూర్యుడు నడిమధ్య గీతకి ఇంచుమించు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. ఆ రోజుల్లో సూర్యుడు రోజుకి 0.4 డిగ్రీ చొప్పున జరుగుతాడు, కాబట్టి ద్వారాల సందులోంచి కిరణం పడేది రెండు మూడు రోజులే. మబ్బు పడితే అదీ ఉండదు.

నా లెక్క ప్రకారం గోపురం నుంచి పాదాల దాకా ఉన్న ఆ సూటి దారి నేరుగా తూర్పుకి కాకుండా నాలుగైదు డిగ్రీలు దక్షిణానికి ఒరిగి ఉండాలి. ఎవరైనా దిక్సూచి పట్టుకుని నిలబడి "నీ లెక్క తప్పు" అని తేల్చవచ్చు. తప్పని తేల్చే దారి ఉంది కాబట్టే ఆ మాటకి బలం.

ఇంకో సంగతి. రథసప్తమి నాడే కిరణాలు పాదాల మీద పడతాయని నేను ఇంటర్ దాకా అనుకున్నాను. రథసప్తమి జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పటికి సూర్యుడు పది డిగ్రీల కన్నా ఎక్కువ దక్షిణంలో ఉంటాడు. నేను కళ్ళతో చూడకుండానే, చూసినవాణ్ణిలా ఎంతమందికో చెప్పాను. సాక్షుల వాంగ్మూలాలు ఎలా పుడతాయో నాకు అలా అర్థమైంది.

మరి మొదటి మాట? అరసవల్లిని కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడు మనకి కనిపించే కట్టడంలో చాలా భాగం 18వ శతాబ్దంలో తిరిగి కట్టినదంటారు. కిరణాల లెక్క ఎంత బాగా కుదిరినా అది ఇంద్రుడికి సాక్ష్యం కాదు. సూర్యుడి నడక తెలిసిన స్థపతి ఒకడు ఉన్నాడని మాత్రమే చెబుతుంది. ఒక మాట నిజమైతే దాని పక్కన కూర్చున్న మాట కూడా నిజమైపోదు. నోవహు కథలోని కొండ మ్యాపులో ఉన్నంత మాత్రాన ఓడ నిజమైపోదని నా రూమ్మేట్‌తో వాదించింది నేనే కదా.

ముఖలింగం: రాయి చదివినాయన

పపైరస్ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది గిడుగు రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో మన క్లబ్బు దండ వేసే ఫోటో ఆయనదే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని మనకి తెలుసు. అంతకు ముందు ఆయన చేసిన పని ఇంకొకటి ఉంది. పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో చరిత్ర చెప్పే రోజుల్లో, ముఖలింగం గుడి రాళ్ళ మీది పాత లిపిని ఎవరూ నేర్పకుండానే పట్టుబట్టి నేర్చుకున్నారు.

అప్పటికి ఒక చిక్కు ప్రశ్న ఉంది. గాంగ రాజుల రాగిరేకుల్లో రాజధాని పేరు "కళింగనగరం" అని ఉంది. అది ఎక్కడ? పేరు దగ్గరగా ఉంది కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అని కొందరు అనుకున్నారు. గిడుగు వారు ముఖలింగం శాసనాలు చదివి, ఆ చుట్టుపక్కల శిథిలాలు, పక్కనే ఉన్న నగరికటకం పేరు అన్నీ కలిపి చూసి, కళింగనగరం ఇదే అని వాదించారు. ఇప్పుడు చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకునేది ఆ మాటనే. ముఖలింగంలో వందకు పైగా శాసనాలున్నాయి. వందల ఏళ్ళు జనం వాటికి ఆనుకుని కూర్చుని ప్రసాదం తిన్నారు. చదవడం వచ్చిన మనిషి వచ్చేదాకా అవి రాళ్ళే.

ఆధారాలంటే అన్నీ రాతి మీద గీతలు అనుకోకండి. గాంగ రాజులు తమ సొంత శకంలో సంవత్సరాలు వేసుకున్నారు. ఆ శకం ఎప్పుడు మొదలైందో ఏ రాయీ చెప్పదు. శాసనాల్లో చెప్పిన గ్రహణాలను లెక్కలతో సరిపోల్చి, 5వ శతాబ్దం చివర, 498 ప్రాంతంలో అని పండితులు తేల్చారు. కొందరు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అంటారు. తేడా చూడండి. ఇక్కడ తప్పు జరిగే అవకాశం ఎంతో కూడా వాళ్ళే చెబుతున్నారు. నేను ఓడ మీద జోకు వేసినప్పుడు అలాంటి జాగ్రత్త నాలో లేదు.

ముఖలింగానికి స్థలపురాణం కూడా ఉంది. ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పపూల కోసం వాళ్ళు తగవు పడితే అతను ఆ చెట్టునే నరికాడు. మొదలులో శివుడి ముఖం కనిపించింది. అదే మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. చెట్టులో ముఖం కనిపించిందా లేదా అని నేను తేల్చలేను. కానీ రాజుల రాజధానిలోని పెద్ద గుడి తన పుట్టుకను రాజుకి కాకుండా ఒక సవర ఇంటికి ఎందుకు ముడిపెట్టుకుంది? కథ అబద్ధమో నిజమో అనే ప్రశ్న కన్నా ఈ ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది. ఆ రాళ్ళు చదివిన గిడుగు వారే తర్వాత సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు.

శ్రీకూర్మం: సగం దొరికిన సాక్ష్యం

ఆధారాలు వచ్చి నమ్మకాన్ని కూల్చడమే ఎప్పుడూ జరుగుతుందని అనుకుంటే అదీ తప్పే. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు కళింగంలో ఉండి, బాలుడైన రాజు తరఫున రాజ్యం చూసుకున్నారనీ, చివరికి రాజు ఖజానాలోని మూలరాముడి, సీత విగ్రహాలు అడిగి గురువుకి ఇచ్చారనీ మధ్వ సంప్రదాయం చెబుతుంది. వినగానే కట్టుకథలా ఉంటుంది. సన్యాసికి రాజ్యపాలన ఏమిటి?

కానీ శ్రీకూర్మం గుడిలో శక సంవత్సరం 1203, అంటే 1281 నాటి శాసనం ఉంది. నరహరి తీర్థులు అక్కడ యోగానంద నరసింహ స్వామికి గుడి కట్టించారనీ, కళింగ దేశాన్ని కాపాడే పనిలో ఉన్నారనీ అది చెబుతుంది. సంప్రదాయం మాట ఒకటి రాతి మీద దొరికింది! మరి విగ్రహాల సంగతి? శాసనంలో లేదు. లేదు కాబట్టి అబద్ధం అనలేం. మొదటిది దొరికింది కాబట్టి రెండోదీ నిజం అనీ అనలేం. "ఇంతవరకు దొరికింది, ఇక్కడి నుంచి నమ్మకం" అని మధ్యలో గీత గీసి వదిలేయడమే నిజాయితీ. ఎగ్జామ్‌లో స్టెప్ మార్కులు వేస్తారు చూడండి, అలాగన్నమాట.

ఇదంతా చేశాక నాకోసం మూడు రూల్స్ రాసుకున్నాను.

1. ఎదుటివాడి పుస్తకాన్ని అడిగే ప్రశ్న ముందు మన పుస్తకాన్ని అడగాలి. అక్కడ "అది వేరు" అని నోటికొస్తే, ఎలా వేరో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

2. మూట విప్పాలి. చదవగలిగే మాట, లెక్క వేయగలిగే మాట, రెండూ కుదరని మాట వేరువేరుగా పెట్టాలి. ఒకదాని మార్కులు ఇంకోదానికి వేయకూడదు.

3. ఆధారం ఎదురు తిరిగినప్పుడు అర్థం మార్చుకుంటే ఫరవాలేదు. కానీ మార్చుకున్నామని ఒప్పుకోవాలి.

మామ్మ కన్ను

ఈ రూల్స్ తీసుకుని సెలవుల్లో ఇంటికెళ్ళాను. అక్కడ అసలు పరీక్ష ఉంది.

మామ్మకి కళ్ళలో శుక్లాలు. డాక్టరు ఆపరేషన్ చెప్పి ఆరు నెలలైంది. ఆవిడ ఆదివారాలు అరసవల్లి వస్తానని మొక్కుకుని, ఆపరేషన్ మాట ఎత్తనివ్వడం లేదు. నేను నా ల్యాప్‌టాప్ జ్ఞానం అంతా దించాను. దేవేంద్రవర్మ, 7వ శతాబ్దం, డిగ్రీలు, అన్నీ. మామ్మ ఓపిగ్గా విని, "ఏటి బాబూ, గుడి ఎవలు కడితే నాకేటి? నాను మొక్కింది కట్టినోడికా?" అంది.

నాకు నోరు పెగల్లేదు. ఆవిడ చెప్పింది నిజం. నేను మొదటి మాటను కొట్టేస్తే మూడో మాట దానంతటదే పడిపోతుందనుకున్నాను. నా రెండో రూలు నేనే తప్పాను. గుడి ఎవరు కట్టారన్నది ఆవిడ నమ్మకానికి పునాదే కాదు. ఆవిడ కంటికి దానితో సంబంధమూ లేదు. కానీ మూడో మాట మాత్రం వదిలేసేది కాదు. దాని మీద ఒక కన్ను ఆధారపడి ఉంది. శుక్లం పొడితోనో మొక్కుతోనో కరగదు, మసకబారిన కటకం తీసి కొత్తది పెట్టాలి. ఇది నమ్మకం ఎంత గొప్పదన్న ప్రశ్న కాదు.

రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఆదివారం, తోడుగా గుడికి వెళ్ళాను. బస్సులో వచ్చేటప్పుడు ఒక్కటే అడిగాను. "మామ్మా, కళ్ళు వాటంతటవే బాగవ్వాలని మొక్కుకున్నావా? బాగవ్వాలని మొక్కుకున్నావా?"

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసింది. "బాగవ్వాలనే," అంది.

వెంటనే ఒప్పేసుకుందని చెబితే అబద్ధం. మిగిలిన ఆదివారాలన్నీ పూర్తయ్యాకే వస్తానంది. అయ్యాకే వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక నన్ను చూసి, "ఇలా సిక్కిపోనావేట్రా!" అంది. చూపు ఇచ్చింది స్వామే అంటుంది, డాక్టరు చేతుల్లోంచి ఇచ్చాడంటుంది. ఆ మాటను నేను ఏ స్కేలుతోనూ కొలవలేను. కొలవాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక నా రూమ్మేట్‌కి సారీ చెప్పాను. ఓడ గురించి అడిగినందుకు కాదు. ఆ ప్రశ్న ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. నా గుడిని ఒక్కసారి కూడా అడగకుండా వాడి పుస్తకాన్ని అడిగినందుకు, అడిగి నవ్వినందుకు. ఈ వ్యాసం డ్రాఫ్టు ముందు వాడికే ఇచ్చాను. చదివి, "బాగుందిరా. మరి ఓడ సంగతి ఏం రాయలేదే?" అన్నాడు.

"అది నీ పుస్తకం. నువ్వు కొలువు," అన్నాను.

వచ్చే సంచికకి రాస్తానన్నాడు. స్కేలు నా టేబుల్ మీదే ఉంది.